మెక్సికో జానపద కళ: వహాకాలో ఏం కొనాలి, ఏం చూసి కొనాలి?

స్రవంతి_డాలస్

అందరికీ నమస్కారం. డిసెంబర్ చివర్లో వహాకా వెళ్తున్నాం. నేను, మావారు, అత్తయ్యగారు. ఇంట్లో కొండపల్లి దశావతారాల సెట్టు, ఏటికొప్పాక లక్క బొమ్మలు, ఒక నిర్మల్ పళ్ళెం ఉన్నాయి. వాటి పక్కన పెట్టుకోదగ్గ మెక్సికో వస్తువు ఒకటో రెండో తెచ్చుకుందామని. ఫ్రిజ్‌కి అంటించే అయస్కాంతాలు, పుర్రె బొమ్మ టీషర్టులు మాత్రం వద్దు.

యూట్యూబ్‌లో చూస్తే రంగురంగుల చెక్క జంతువులు, నల్ల కుండలు, పచ్చ గిన్నెలు, తివాచీలు... తల తిరిగిపోతోంది. వీటిలో అసలు సంప్రదాయం ఏది, టూరిస్టుల కోసం పుట్టించింది ఏది? ఆ గిన్నెల్లో వంట చేసుకోవచ్చా? అత్తయ్యగారు ఇప్పటికే పప్పుచారుకి ఒక పచ్చ గిన్నె ఖాయం చేసేశారు. తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి.

కొయ్యబొమ్మ

స్రవంతి గారూ, ముందు రూటు చెప్తాను. వహాకా ఊళ్ళో దుకాణాలన్నీ తిరిగి అలిసిపోకముందే పల్లెలకి వెళ్ళండి. అక్కడ ఊరికో పని. ఊరి నుంచి దక్షిణంగా ఒకే రోడ్డు మీద మూడు తగులుతాయి. మొదట సాన్ బార్తోలో కోయోతెపెక్, నల్ల మట్టి ఊరు. తర్వాత సాన్ మార్తీన్ తిల్కహేతె, చెక్క బొమ్మలు. ఇంకా దిగితే ఒకోత్లాన్, సంతకెళ్ళే ఆడవాళ్ళని, పెళ్ళిళ్ళని, దెయ్యాలని మట్టితో చేసే ఆగిలార్ అక్కచెల్లెళ్ళ ఊరు. ఒకోత్లాన్ సంత శుక్రవారం కాబట్టి ఈ వైపు శుక్రవారం పెట్టుకోండి. తూర్పున తెయోతిత్లాన్ దెల్ వాయెలో ఉన్ని తివాచీలు, దాని దగ్గర్లోనే త్లకొలూలా. ఆ సంత ఆదివారం. మోంతె ఆల్బాన్ శిథిలాలు చూసే రోజున చెక్క బొమ్మల ఊరు అర్రసోలా, పచ్చ గిన్నెల ఊరు అత్సొంపా కూడా కలిసొస్తాయి.

డిసెంబర్ 23న అక్కడుంటే ముల్లంగి రాత్రి వదలకండి. 1897 నుంచి జరుగుతోంది. చేతికంత పొడవున్న ముల్లంగుల్ని చెక్కి ఊరి నడిబొడ్డున బొమ్మల కొలువు పెడతారు. మర్నాటికి వాడిపోతాయి. కొనడానికి ఏమీ ఉండదు, మావారి పర్సుకి అదొక్కటే సేఫ్ అని మా ఆవిడ అంటుంది.

ఇక చెక్క బొమ్మలు. చెట్టు పేరు కోపాల్. పచ్చిగా ఉండగానే మచ్చుకత్తితో ఆకారం తీసి, చాకులతో సన్నపని చేసి, ఆరబెడతారు. పెద్ద బొమ్మయితే ఆరడానికి నెలలు పడుతుంది. ఆరేటప్పుడు చెక్క పగులుతుంది. ఆ పగుళ్ళలో రంపపు పొట్టు, జిగురు కలిపి కూరి సాఫు చేస్తారు. అది లోపం కాదు. ఆరకముందే రంగేసి అమ్మేయడం, అదీ లోపం. ఇంటికొచ్చాక హీటర్ వేసే చలికాలంలో బొమ్మ నడుం మీద గీత పడుతుంది. కాబట్టి చేతిలోకి తీసుకుని చూడండి. సైజుకి మించి బరువుగా, తాకితే చల్లగా ఉంటే లోపల తడి ఉన్నట్టే.

తర్వాత తిరగేయండి. వీపు మీద చుక్కల పక్కన చుక్కలు, వెంట్రుకంత గీతలు అందరూ వేస్తారు, ఫోటోలో పడేది అదేగా. పొట్ట కింద, చెవి లోపల, కాళ్ళ సందున ఏం చేశారో చూడాలి. మంచి ఇంటి పనిలో అక్కడా అదే ఓపిక కనిపిస్తుంది. ఒకే కొమ్మలోంచి మొత్తం బొమ్మ తీయడం అక్కడ గొప్ప. మన కొండపల్లిలో తెల్ల పొణికి కర్రతో చేతులూ కాళ్ళూ విడిగా చెక్కి చింతగింజల మక్కుతో అతుకుతారు, కానీ వహాకాలో అతుకులు తక్కువైన కొద్దీ ధర ఎక్కువ. చెవులు, తోక, రెక్కలు మాత్రం చాలావాటికి ఊడదీసే విధంగానే ఉంటాయి, ప్యాకింగ్ కోసం. పెట్టి తీసి చూడండి, వదులుగా ఉంటే వద్దు.

పిడకలపొయ్యి

మట్టి సంగతులు నాకు వదిలేయండి, నేను చదివింది సిరామిక్సే.

కోయోతెపెక్‌లో మీరు చూసే నిగనిగలాడే నల్ల కుండకి డెబ్బై ఎనభై ఏళ్ళకి మించి వయసు లేదు. అంతకుముందు తరతరాలుగా అక్కడ చేసింది బూడిద రంగు కుండ. నీళ్ళకి, మెస్కాల్ సారాకి గట్టి కుండ. 1950లలో దోన్యా రోసా (1900–1980) అనే కుమ్మరావిడ కొత్త దారి తీసింది. కుండ పూర్తిగా ఆరకముందు పైభాగాన్ని పలుగురాయితో రుద్ది రుద్ది మెరుగు పెట్టి, మామూలు కన్నా తక్కువ వేడిలో కాల్చింది. పొగ బయటికి పోకుండా కొలిమి మూసేస్తే మట్టిలోని ఇనుముకి ప్రాణవాయువు అందదు, కుండ నల్లబడుతుంది. ఆ నలుపు మీద పలుగురాయి మెరుగు నిలిచింది. రంగు లేదు, వార్నిష్ లేదు.

ఆవిడ ఇంటివాళ్ళు ఇప్పటికీ చేసి చూపిస్తారు, తప్పకుండా చూడండి. కుమ్మరి సారె ఉండదు. ఒక మూకుడు బోర్లించి, దాని మీద ఇంకొకటి వెల్లకిలా పెట్టి, పైదాన్ని చేత్తో తిప్పుతూ కుండ లేపుతారు. నాకైతే మ్యూజియంలో కుండల కన్నా ఆ రెండు మూకుళ్ళే గొప్పగా కనిపించాయి.

కొనేముందు ఒక్క మాట: మెరిసే కుండలో నీళ్ళు పోయకండి. వేడి తక్కువ కాబట్టి ఊరుతుంది, మెరుగు పోతుంది. అది చూసుకోవడానికే. నీళ్ళు నిలవాలంటే పాత పద్ధతిలో ఎక్కువ కాల్చిన బూడిద రంగుది అడగండి. దుకాణంలో వెనక అరలో ఉంటుంది, ధర కూడా తక్కువ. నా మటుకు నాకు అదే అందంగా ఉంటుంది.

స్రవంతి_డాలస్

పిడకలపొయ్యి గారూ, భలే చెప్పారు. మరి పచ్చ గిన్నె? అత్తయ్యగారు పక్కనే కూర్చుని అడుగుతున్నారు.

పిడకలపొయ్యి

అత్తయ్యగారికి నా నమస్కారాలు, కానీ ఆ గిన్నెలో పప్పుచారు వద్దండి.

అత్సొంపా పచ్చ గిన్నెకి మెరుపు తెచ్చేది పాతకాలం నుంచీ సీసం పూత. కట్టెల కొలిమిలో వచ్చే కొద్దిపాటి వేడికే అది కరిగి గాజులా పరుచుకుంటుంది, అందుకే స్పెయిన్‌వాళ్ళు తెచ్చిన రోజు నుంచి కుమ్మరులు దాన్ని వదల్లేదు. పచ్చ రంగు రాగి వల్ల. రాగి కలిసిన సీసం పూత నుంచి సీసం ఇంకా సులువుగా బయటికొస్తుంది. పులుపు తగిలితే మరీను. చింతపండు, టమాటా, నిమ్మరసం, ఆవకాయ... మన వంటలో పులుపు లేనిదేముంది చెప్పండి. అందులో పెరుగు తోడేసినా అంతే.

ఇప్పుడు సీసం లేని పూత వాడే కుమ్మరులు అత్సొంపాలోనే ఉన్నారు. 'సిన్ ప్లోమో' అని రాసి ఉంటుంది, అడిగినా చెప్తారు. రాత ఒక్కటీ నమ్మి పసిపిల్లలకి అందులో పెట్టకండి. బజార్లో దొరికే పుల్లతో రుద్దే టెస్టులో ఎరుపు తేలితే సీసం ఉన్నట్టే; తేలకపోతే లేదని మాత్రం కాదు. ఖచ్చితంగా కావాలంటే ల్యాబుకి పంపాలి. నా సలహా: పచ్చ గిన్నె కొనండి, గోడకి తగిలించండి. వంటకి పూత లేని మట్టి పెనం తెచ్చుకోండి. సున్నం నీళ్ళు పూసి వాడతారు అక్కడ, రొట్టెలు అంటుకోకుండా. పగలకుండా ఇంటికి చేరిస్తే అత్తయ్యగారు దాని మీద జొన్న రొట్టె కాల్చుకోవచ్చు.

పోచంపల్లి_పోరడు

అందరు మట్టి, కట్టె గురించే చెప్తున్నరు. బట్టల గురించి ఒక్కలు మాట్లాడరేంది?

స్రవంతక్కా, రెబోసో చూడు. ఆడోళ్ళు భుజాల మీద కప్పుకునే పొడుగు శాలువ. సాన్ లూయిస్ పొతొసీ రాష్ట్రంల సాంతా మరియా దెల్ రీయో, మెక్సికో రాష్ట్రంల తెనన్సింగో, ఈ రెండు ఊర్ల పేర్లు యాదికుంచుకో. మొదటిసారి ఫోటో చూసినప్పుడు మా నాయనకు చూపించిన. అద్దాలు పెట్టుకొని చూసి, "ఇది మన చిటికి పనే గదరా, ఎవరు నేసిండ్రు?" అన్నడు. గదే పని. నూలును కొలతలు పెట్టి కట్టి, రంగుల ముంచి, విప్పి, మగ్గమెక్కించుడు. రంగు అంచులు జర చెదిరినట్టు కనబడుతయి చూడు, అదే గుర్తు. వాళ్ళది పడుగుల మాత్రమే కడ్తరు. మా పుట్టపాక తేలియా రుమాలుల పడుగు, పేక రెండూ కడ్తం, ఆ మాట చెప్పకపోతే నాయన ఊకోడు.

కానీ అంచు దగ్గర మనం వాళ్ళకు దండం పెట్టాలె. నేసుడు అయినంక మిగిలిన పడుగు దారాలను వేళ్ళతోని ముడేసి ముడేసి జాలి లెక్క చేస్తరు. అది వేరే ఆడోళ్ళ పని, వారాలు పడ్తది, మంచిదానికి నెలలు. రెబోసో చేతిల వట్టుకోంగనే నడుమ కాదు, ముందు అంచు చూడు. ముళ్ళన్నీ ఒక్క తీరుగ, డిజైన్ గుర్తుపట్టేటట్టు ఉన్నదా? మిషన్ల నేసిన దానికి మామూలు కుచ్చులే ఉంటయి. ఇంకో ఉపాయం: తిరగేసి చూడు. అచ్చేసిన బట్ట అయితే వెనుక వెలిసిపోయి ఉంటది. మా ఊరి పేరు మీద అచ్చు చీరలు అమ్ముతున్నరు, అక్కడ గూడ అదే కథ.

తెయోతిత్లాన్ తివాచీలకు గూడ ఒక పరీక్ష ఉన్నది. పోగు ఒకటి అడుక్కొని కాల్చు. ఉన్ని అయితే ఎంట్రుకలు కాలిన వాసన వచ్చి బూడిద రాలుతది. ప్లాస్టిక్ నూలు అయితే కరిగి గట్టి పూస లెక్క అయితది. తడి తెల్ల గుడ్డతోని రుద్దు, రంగు దిగుతే వద్దు.

చికాగో_లక్ష్మి

పోరడూ, రంగుల సంగతి కూడా చెప్పాల్సింది. ఆ తివాచీల్లో ఎరుపు నాగజెముడు మీద బతికే చిన్న పురుగుది, కోచినీల్. ఎండబెట్టి నూరుతారు. తెయోతిత్లాన్‌లో నేతగాడు అరచేతిలో ఆ పురుగుని నలిపి, రక్తంలాంటి ఎరుపు మీద నిమ్మకాయ పిండితే నారింజ రంగయింది, సున్నం కలిపితే ఊదా అయింది. అత్తయ్యగారు తప్పకుండా చూడాలి, పసుపులో సున్నం కలిపి పారాణి చేసిన చేతులకి అది కొత్త కాదు. స్పెయిన్ రాజ్యానికి ఆ కాలంలో వెండి తర్వాత బాగా డబ్బు తెచ్చిపెట్టిన సరుకుల్లో ఈ పురుగు ఒకటి. నీలం మటుకు నీలిమందే.

మన తీరానికి నిజమైన చుట్టరికం ఒకటుంది. 1565 నుంచి 1815 వరకు మనీలా నుంచి అకపుల్కోకి ఓడలు నడిచాయి. కోరమాండల్ తీరపు నూలు బట్టలు మనీలా మీదుగా ఆ ఓడల్లో మెక్సికో చేరేవి. చిటికి పని వాళ్ళకి మన వైపు నుంచి పోయిందా, సొంతమా అని పండితులు వాదించుకుంటూనే ఉన్నారు, మనం తీర్పు చెప్పొద్దు.

ఎడ్డెం_మామ

అన్నీ బాగానే ఉన్నాయి. కానీ ఆ అమ్మాయి అడిగిన మొదటి ప్రశ్నకి ఎవరూ జవాబు చెప్పలేదు. సంప్రదాయం ఏది? నల్ల కుండ మెరుగు 1950లది అని మీరే చెప్పారు. ఆ రంగురంగుల వింత జంతువులు, అలెబ్రిహేలు, 1936లో మెక్సికో సిటీలో పెద్రో లినారెస్ అనే కాగితపు గుజ్జు బొమ్మల ఆయనకి జ్వరంలో వచ్చిన కల. వహాకా చెక్కవాళ్ళు ఆ పేరు ఆ తర్వాత తగిలించుకున్నారు. కార్టూన్ సినిమాలొచ్చాక ఇంకేముంది, అవి పూర్వీకుల ఆత్మ జంతువులైపోయాయి. మరి ఇది జానపదమా, మార్కెటింగా? టూరిస్టు లేకపోతే ఇందులో ఒక్కటైనా బతుకుతుందా?

చికాగో_లక్ష్మి

మామయ్యా, మీరు రెండే చెప్పారు, నేను ఇంకా చెప్తాను. చెట్టు బెరడు కాగితం మీద పల్లె బతుకు బొమ్మలు గెరెరో రాష్ట్రం వాళ్ళు వేయడం మొదలైంది 1960లలో. కాగితం మాత్రం పాతది, ప్వెబ్లా రాష్ట్రంలో సాన్ పబ్లీతో అనే ఊళ్ళో ఒతొమీ ఆదివాసులు బెరడుని ఉడకబెట్టి రాయితో కొట్టి చేస్తారు. తెల్ల బట్ట మీద పెద్ద పెద్ద జంతువుల తెనంగో కుట్టు కూడా 1960లదే, కరువొచ్చి పంట పోతే హిదాల్గో రాష్ట్రపు ఆడవాళ్ళు సూది పట్టుకున్నారు. టోపీ పెట్టుకున్న అస్థిపంజరం దొరసాని, పొసాదా (1852–1913) అనే అచ్చుబొమ్మల కళాకారుడు రాజకీయ వెక్కిరింతకి చెక్కిన తల. దానికి ఒళ్ళూ గౌనూ తొడిగింది చిత్రకారుడు డియెగో రివేరా, 1940లలో.

మాతా ఓర్తీస్ అనే కుమ్మరుల ఊరి కథ ఇంకా బాగుంటుంది. 1976లో స్పెన్సర్ మెక్‌కాలమ్ అనే అమెరికన్‌కి న్యూ మెక్సికోలో ఒక పాత సామాన్ల కొట్లో మూడు కుండలు కనిపించాయి. సంతకం లేదు. ఫోటోలు పట్టుకుని సరిహద్దు దాటి ఊరూరా అడుగుతూ పోతే చివావా రాష్ట్రంలో హువాన్ కెసాదా (1940–2022) దొరికాడు. కట్టెలు కొట్టడానికి పోయినప్పుడు దొరికిన పాకిమే అనే పాత శిథిల నగరం కాలపు పెంకుల్ని చూసి, మట్టీ రంగూ కాల్చడం అన్నీ సొంతంగా కనిపెట్టుకున్నాడు. సారె లేదు, చక్రం లేదు, పిల్లల వెంట్రుకలతో కట్టిన కుంచె, పిడకల మంట. 1999లో జాతీయ బహుమతి. ఊరు ఊరంతా ఇప్పుడు కుమ్మరులే. ఇది సంప్రదాయమా అంటే ఆయన కన్నా ముందు ఆ ఊళ్ళో కుమ్మరే లేడు!

అసలు 'జానపద కళ' అని ఒక చోట కూర్చింది కూడా 1921లోనే. స్వాతంత్ర్యం సిద్ధించి నూరేళ్ళయిందని చిత్రకారులు మొంతెనేగ్రో, ఎన్సీసో, డాక్టర్ ఆత్ల్ కలిసి మెక్సికో సిటీలో ఎగ్జిబిషన్ పెట్టారు. విప్లవం అయ్యాక దేశానికి ఒక ముఖం కావాలి. అంతవరకు దొరలు తమ వంటిల్లు దాటి రానివ్వని కుండా చాపా ఒక్కసారిగా దేశం ముఖమయ్యాయి.

అందుకని స్రవంతీ, వయసు చూసి కొనకు. ఈ ఊరి మట్టేనా, ఈ చెట్టేనా, చేసిన మనిషి పేరు చెప్పగలరా, పక్కింటివాడు చేసినదానికీ దీనికీ తేడా నీ కంటికి ఆనుతోందా? అవి చూడు. కొత్తదైనా చేతికి వచ్చిన పని అయితే అది నిలబడుతుంది.

ఎడ్డెం_మామ

ఒప్పుకోనమ్మా, సగమే ఒప్పుకుంటా. అనంతపురం వైపు నిమ్మలకుంటలో తోలుబొమ్మలవాళ్ళు ఇప్పుడు దీపాలకి తొడుగులు చేస్తున్నారు. తోలు అదే, రంగు అదే, చెయ్యి అదే. కానీ రాత్రంతా ఆడించే ఆట లేదు, పద్యం లేదు. చెయ్యి నిలబడితే కళ నిలబడినట్టేనా?

చికాగో_లక్ష్మి

తొడుగు అమ్మితే పిల్లాడు ఆ పని వదలకుండా ఉంటాడు మామయ్యా. ఆట చూసేవాళ్ళం మనం లేకుండా పోయాం, తప్పు వాళ్ళదా? మెక్సికోలో ఆట ఇంకా ఉంది. నవంబర్ 1, 2 తేదీల్లో చనిపోయినవాళ్ళకి ఇంటింటా పీట వేసి బంతిపూలు, రొట్టె, వాళ్ళకిష్టమైన వంట పెట్టి కోపాల్ బంక పొగ వేస్తారు. ఆ పొగకి కుండ కావాలి, ఆ కుండ చేసే ఊరుంది. బొమ్మ చెక్కేదీ ఆ చెట్టుతోనే. అదీ మన గుగ్గిలమూ ఒకే కుటుంబపు చెట్లు, వాసన పీలిస్తే సాంబ్రాణి వేసిన శుక్రవారం ఇల్లే.

రామ్_ఆస్టిన్

ప్రాక్టికల్ టిప్: చెప్పిన రేటులో సగానికి అడగండి. వెళ్ళిపోతున్నట్టు నాలుగడుగులు వేస్తే వెనక్కి పిలుస్తారు. సుల్తాన్ బజార్ ట్రైనింగ్ ఎక్కడైనా పనికొస్తుంది బ్రో.

పోచంపల్లి_పోరడు

రామన్నా, కోపం చేసుకోకు. మా ఇంటికొచ్చి చీర పట్టుకొని సగానికి అడిగేటోళ్ళను చూసుకుంటనే పెరిగిన. మా అమ్మ ఏమనదు, చీర మడత పెట్టి లోపల పెడ్తది. సంతల టమాటలు బేరం చెయ్యి, ఎవరూ వద్దనరు. నేసినోడి ముందట, వాని మగ్గం పక్కన నిలబడి సగం అనకు.

కొయ్యబొమ్మ

బజార్లో ఫ్యాక్టరీ సరుకుకి రామ్ చెప్పిందే సరి, అందులో అనుమానం లేదు. కార్ఖానాలో మటుకు రెండు మూడు కలిపి తీసుకుంటూ "కలిపి ఎంతకిస్తారు" అనండి. వాళ్ళే తగ్గిస్తారు. నగదు ఉంచుకోండి. దుకాణానికి పోసే దానికన్నా మీరు నేరుగా ఇచ్చేది వాళ్ళకి ఎక్కువే మిగులుతుంది.

ఇంకో సంగతి, సంతకం. బొమ్మ అడుగున పేరుంటే అది చెక్కినాయన పేరు అనుకుంటాం. చాలా ఇళ్ళల్లో చెక్కేది మగవాళ్ళు, రంగు వేసేది ఆడవాళ్ళు, పేరు మాత్రం ఇంటాయనది. తిల్కహేతెలో పెద్ద కార్ఖానాలైతే పదుల మంది చేతుల మీదుగా పోతుంది, పైన కార్ఖానా పేరు. అందులో మోసం లేదు, పని అద్భుతంగా ఉంటుంది. కానీ "చెక్కిందెవరు, రంగు వేసిందెవరు" అని విడివిడిగా అడగండి. చెప్పిన రెండు పేర్లూ కాగితం మీద రాయించుకుని బొమ్మతో పాటు దాచండి. అర్రసోలాలో మనువెల్ హిమెనెస్ (1919–2005) ఈ చెక్క బొమ్మల పని మొదలుపెట్టిన రోజుల నాటి బొమ్మలు ఇవాళ మ్యూజియంలలో ఉన్నాయి, వాటికి రంగు వేసిన చేతుల గురించి చీటీ మీద ఒక్క ముక్క లేదు.

విశాఖ_వాసు

ఇక్కడ వైజాగ్‌లో కూర్చుని చదువుతుంటే కడుపు నిండిపోయింది. వహాకా మాకు కుదిరే పని కాదు గానీ, వచ్చే వేసవిలో మా అబ్బాయి దగ్గరికి అమెరికా వస్తున్నాం. అక్కడ ఎక్కడైనా చూడొచ్చా? ఇంకో డౌటు. ఆన్‌లైన్‌లో పాత నాట్య ముఖాలు (మాస్కులు), తవ్వకాల్లో దొరికిన మట్టి విగ్రహాలు కనిపిస్తున్నాయి, ధర చూస్తే అందుబాటులోనే ఉంది. కొనొచ్చా?

చికాగో_లక్ష్మి

వాసు గారూ, మా చికాగో వస్తే పిల్సెన్ పేటలో జాతీయ మెక్సికన్ కళా మ్యూజియం ఉంది, టికెట్ లేదు. అక్టోబర్ దాకా ఉండగలిగితే మృతుల పండగ ప్రదర్శన చూడండి. కొయ్యబొమ్మ గారి ఊరు సాన్ ఆంటోనియోలో కళా మ్యూజియం ఉంది, అందులో నెల్సన్ రాక్‌ఫెల్లర్ కూర్చిన సంగ్రహం ఉంది. ఒక్కచోటికే వెళ్ళగలరంటే మాత్రం సాంటా ఫేలో అంతర్జాతీయ జానపద కళా మ్యూజియం. అలెగ్జాండర్ గిరార్డ్ దంపతులు లక్షకు పైగా వస్తువులు ఇచ్చేశారక్కడికి. ఒక్కో అద్దాల పెట్టెలో ఒక్కో ఊరు ఊరంతా ఉంటుంది, చీటీలు ఉండవు, మీరే చూసుకోవాలి. మన దేశపు బొమ్మలూ అందులో ఉన్నాయి, మీ ఆవిడ గుర్తుపడతారు. జులైలో వెళ్తే అదే ఊళ్ళో ప్రపంచ జానపద కళల సంత కూడా జరుగుతుంది, చేసినవాళ్ళే వచ్చి అమ్ముతారు.

కొయ్యబొమ్మ

తవ్వకాల విగ్రహం జోలికి అసలు పోకండి. 1972 చట్టం ప్రకారం స్పెయిన్‌వాళ్ళు రాకముందటి పురాతన వస్తువులన్నీ మెక్సికో ప్రభుత్వ ఆస్తి, దేశం దాటించడం నేరం. నిజమైనదైతే దొంగ సొత్తు, కాకపోతే నకిలీ. రెండింటికీ డబ్బు దండగే. పాత చర్చిలనుంచి వచ్చిన బొమ్మలూ, మొక్కుబడి రేకు చిత్రాలూ కూడా ఆ దారే పట్టిన కథలున్నాయి, ఎక్కడిదో చెప్పలేనివాడి దగ్గర కొనకండి.

ముఖాల సంగతి వేరే. 1970లలో గెరెరో వైపు ఏ ఆటలోనూ కట్టని ముఖాలు కలెక్టర్ల కోసం చెక్కి, పొగ పెట్టి, మట్టి పూసి పాతబరిచి అమ్మారు. పెద్ద పెద్ద సంగ్రహాల్లోకి పోయాయి. పరీక్ష లోపలి వైపు ఉంటుంది. ముఖం తిప్పి లోపలికి చూడండి. నిజంగా ఆడినదైతే నుదురు, ముక్కు తగిలే చోట చెమటకి నల్లబడి నున్నబడి ఉంటుంది, అంతటా ఒకే రంగు ఉండదు. తాడు రంధ్రాలు ఒక పక్కకి అరిగి ఉంటాయి. తర్వాత ముఖానికి పెట్టుకోండి. కళ్ళ దగ్గర సందుల్లోంచి నేల కనబడాలి. ఏమీ కనబడకపోతే ఆటగాడు ఎలా ఎగిరాడు?

ఎడ్డెం_మామ

ఆ లెక్కన పాతది అని చెప్పి అమ్మినదే నకిలీ, కొత్తది అని చెప్పి అమ్మినదే నిఖార్సు! లక్ష్మమ్మా, నీకు ఇంకో పావు ఒప్పుకుంటున్నా.

మోడరేటర్

చర్చ బాగా సాగుతోంది. కంపెనీలు వాళ్ళ డిజైన్లు కాపీ కొట్టడం గురించి నాలుగైదు పోస్టులు వేరే థ్రెడ్‌కి మార్చాను. 2015లో త్లహుయితొల్తెపెక్ ఊరి రవికె గొడవ, 2022లో మెక్సికో తెచ్చిన చట్టం అక్కడ మాట్లాడుకుందాం. ఇక్కడ కొనడం, చూడడం వరకే.

స్రవంతి_డాలస్

అందరికీ చాలా చాలా థాంక్స్. ఇంట్లో సమావేశం జరిగింది. బూడిద రంగు కుండ ఒకటి, చెక్క బొమ్మ ఒకటి, రెబోసో దొరికితే అత్తయ్యగారికి. రెబోసో వహాకాలో దొరకదంటే వినడం లేదు, వెతకమంటున్నారు. ఇంకో రెండు సందేహాలు: ప్వెబ్లా తలవెరా పళ్ళెం (తెల్ల పూత మీద నీలం గీతలది) ఎవరో ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు, అసలుదో కాదో ఎలా తెలుస్తుంది? చెక్క బొమ్మకి పుచ్చు పడుతుందని చదివాను, నిజమా?

పిడకలపొయ్యి

తలవెరా అనే పేరు వాడుకునే హక్కు ప్వెబ్లా, త్లస్కాలా ప్రాంతపు కార్ఖానాలకే, పరీక్షించి ధ్రువపత్రం ఇస్తారు. వెనక కార్ఖానా పేరు, రంగు వేసినవాళ్ళ గుర్తు ఉండాలి. తెలుపు పాలమీగడ ఛాయలో ఉంటుంది, తళతళలాడే తెలుపు కాదు. కళ్ళు మూసుకుని వేలితో తడిమితే నీలం గీత కాస్త ఎత్తుగా తగులుతుంది. దొలోరెస్ హిదాల్గో అనే ఊళ్ళో చేసే రంగురంగుల పలకలు కూడా తలవెరా అనే అమ్ముతారు. నాకవీ ఇష్టమే, స్నానాలగదికి చక్కగా ఉంటాయి. ఆ ధరకే కొనండి.

రెబోసో గురించి: వహాకాలో కూడా నేత శాలువలు దొరుకుతాయి, నడుముకి కట్టుకునే మగ్గం మీద నేసినవి. చిటికి పనిది కాకపోయినా అత్తయ్యగారికి నచ్చొచ్చు. ఊళ్ళో టెక్స్‌టైల్ మ్యూజియం దుకాణంలో అడగండి.

కొయ్యబొమ్మ

పుచ్చు నిజమే. కోపాల్ అంటే పురుగుకి ఇష్టం. బొమ్మ కింద అరలో సన్నటి పిండి రాలినా, గుండుసూది తలంత రంధ్రం కనబడినా పురుగు లోపలుందని లెక్క. ఇంటికి తెచ్చిన రోజే మిగతా బొమ్మల పక్కన పెట్టకండి, మీ కొండపల్లి సెట్టుకి కూడా అంటుకుంటుంది. ప్లాస్టిక్ సంచీలో గాలి లేకుండా చుట్టి, డీప్ ఫ్రీజర్‌లో వారం, పది రోజులు ఉంచండి. తీశాక సంచీ విప్పకుండానే గది వేడికి రానివ్వండి, లేకపోతే చెమ్మ పట్టి రంగు లేస్తుంది. ఒక రోజు ఆగి మళ్ళీ ఇంకోసారి ఫ్రీజర్‌లో పెడితే గుడ్లలోంచి లేచినవీ పోతాయి. ఆపైన ఎండ తగలని చోట పెట్టండి, పాత బొమ్మల రంగులు తొందరగా వెలుస్తాయి.

విషారికా ఆదివాసుల పూసల బొమ్మ ఏదైనా కొంటే దానికి ఫ్రీజరూ వద్దు, కారు డిక్కీ అసలే వద్దు. ఆ పూసలు ఒక్కొక్కటే మైనంలో నొక్కి అతికిస్తారు. డాలస్ ఎండలో ఒక్క మధ్యాహ్నం కారులో ఉంటే జింక కొమ్ములు మెడ మీదికి జారతాయి. విమానంలో చేతి సంచీలో పెట్టుకోండి, చెక్క బొమ్మ చెవులూ తోకా తీసి సాక్సుల్లో చుట్టి విడిగా. కుండ లోపల బట్టలు కూరి, బయట దుప్పటి చుట్టి, అంచుల మీద బరువు పడకుండా నిలబెట్టండి. రశీదు మీద ఊరి పేరు రాయించుకోవడం మర్చిపోకండి.